కార్బురేటర్ మార్చాలా, బండే మార్చాలా?

ప్రొద్దుటూరులో పాత స్ప్లెండర్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ కథ చెబుతారు. పొద్దున్నే కిక్కు కొట్టి కొట్టి కాలు లాగాలి. స్టార్టయినా స్లో నిలబడదు. మూడో గేరులో మిస్సింగ్. మైలేజి సంగతి సరేసరి. మెకానిక్ రెండుసార్లు కార్బురేటర్ విప్పి కడుగుతాడు. మూడోసారి "ఇది పనికిరాదులేన్నా, కొత్తది ఏసుకో" అని తేల్చేస్తాడు. ఆ కొత్తది సగం ధరకు దొరికే డూప్లికేటు. నెల తిరక్కముందే బండి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాయన ఎవరో "ఈ పీడంతా ఎందుకబ్బీ, ఎఫ్‌ఐ బండి తీసుకో" అంటాడు. పక్కనున్నాయన ఊరుకుంటాడా? "సెన్సార్ పోతే షోరూము చుట్టూ తిరగలేక చస్తావు" అని ఆ మాట కొట్టేస్తాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్ల వాదనలో మూడు ప్రశ్నలు కలగాపులగమయ్యాయి. ఉన్న కార్బురేటర్‌ను బాగుచేసుకోవడం ఒకటి. పాత బండికే ఎఫ్‌ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించుకోవడం ఇంకొకటి. ఇంజెక్షన్ బండి కొనడం మూడోది. వేటికవి విడదీసి చూడాలి. నా అభిప్రాయం దాచుకోను: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద బండ్లను ఎక్కువగా ఆపుతున్నవి కొలత తప్పిన విడిభాగాలు, మురికి పెట్రోలు, రోగం తెలుసుకోకుండా వేసే మందు. కార్బురేటర్ ఉన్నా, ఇంజెక్షన్ ఉన్నా ఈ మూడూ వదలవు.

కార్బురేటర్ నూట ముప్ఫై ఏళ్ల నాటి సరుకు. 1893 ప్రాంతంలో జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకీ, చోంకా దాదాపు ఒకే కాలంలో పెట్రోలును జెట్టు గుండా తుంపరగా చిమ్మే పద్ధతి పట్టుకున్నారు. సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇరుకైన గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కింద గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నటి రంధ్రం గుండా పైకి లాగబడుతుంది. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. పెట్రోలుకు సెన్సార్లతో కంప్యూటర్ లెక్క కట్టే ఇంజెక్షన్ పద్ధతి 1967లో బాష్ కంపెనీ కార్లకు తెచ్చింది. మన దేశంలో సామాన్యుడి మోటార్ సైకిల్‌కు అది 2006లో హీరో హోండా గ్లామర్ రూపంలో వచ్చింది. జనం పెద్దగా పట్టించుకోలేదు. 2007లో బజాజ్ పల్సర్ 220ని ఇంజెక్షన్‌తో దించింది. దాదాపు రెండేళ్లకే ధర తగ్గించి అదే బండిని కార్బురేటర్‌తో మళ్లీ తెచ్చింది. అప్పటి కొనుగోలుదారు మనసు ఎటుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చివరికి తేల్చింది సుప్రీంకోర్టు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఎక్కడా బీఎస్-4 కాలుష్య ప్రమాణపు బండి అమ్మకూడదని 2018 అక్టోబర్ 24న తీర్పు చెప్పింది. దాని స్థానంలో వచ్చిన బీఎస్-6 లెక్క ప్రకారం మోటార్ సైకిల్ పొగలో కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06 గ్రాము దాటకూడదు. దానికి సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ గట్టిగా పనిచేయాలి. అది పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి అనే లెక్క చుట్టూనే ఇంజిన్ తిరగాలి. ఎండకూ చలికీ, ఎగువకూ దిగువకూ ఆ లెక్క నిలబెట్టడం మామూలు కార్బురేటర్ వల్ల కాదు. బజాజ్ ఒక్కటి కొన్ని చిన్న బండ్లకు ఎలక్ట్రానిక్ అదుపున్న కార్బురేటర్‌తో నెట్టుకొచ్చింది గానీ, బట్టల మూటలు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100తో సహా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. కాబట్టి కొత్త బండి కొనేవాడికి ఈ చర్చే లేదు. చర్చంతా 2020కి ముందు కొన్న బండ్లది, అవి మన దగ్గర లెక్కలేనన్ని.

ముందు రోగం తెలుసుకునే పద్ధతి చూద్దాం. కార్బురేటర్‌లో ఉన్నది ఒకే దారి కాదు. చోక్, స్లో జెట్టు, స్లైడు కింది కోత, సూది, మెయిన్ జెట్టు వంతులవారీగా పనిచేస్తాయి. యాక్సిలరేటర్ పట్టు మీద ఒక చిన్న టేపు ముక్క, దాని పక్కన హ్యాండిల్ మీద ఇంకో ముక్క అంటించి, మూసినప్పుడు, పావు, సగం, ముప్పావు తెరిచినప్పుడు ఎక్కడ ఉంటుందో గీతలు పెట్టుకోండి. బైపాస్ మీద ఒక రౌండు తిప్పండి. మూసి ఉన్నప్పటి నుంచి పావు లోపు తేడా చేస్తే స్లో జెట్టు, దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా అయితే సూది. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే ఊపిరాడకపోతే మెయిన్ జెట్టో, పెట్రోలు సరిగా దిగకపోవడమో. ఏ గీత దగ్గరైనా ఒకేలా మిస్సింగ్ కొడితే కార్బురేటర్‌ను వదిలేసి ప్లగ్గు, కాయిల్, వైరింగ్ వైపు చూడాలి. అయిదు నిమిషాల పని. ఇది చేయకుండా స్పానర్ పట్టుకోవడంలోనే సగం డబ్బు పోతోంది.

కార్బురేటర్ మీద పడే నిందల్లో చాలా వాటితో దానికి సంబంధం ఉండదు. జమ్మలమడుగు దాటాక బండి ఆగిపోయింది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయింది, మళ్లీ ఆగింది. ఇది చాలాసార్లు ట్యాంకు మూత జబ్బు. మూతలో గాలి పోయే సన్న రంధ్రం దుమ్ముతో మూసుకుంటే లోపల గాలి వెలితి ఏర్పడి పెట్రోలు దిగదు. ఆగినప్పుడు మూత తెరిస్తే 'స్స్' మని శబ్దం వస్తుంది, రోగం దొరికినట్టే. స్లో ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతూ, యాక్సిలరేటర్ వదిలినా వెంటనే దిగకపోతే కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు జాయింటు పగిలిందేమో చూడాలి. నడుస్తున్న ఇంజిన్‌కు ఆ చోట కాసిని నీళ్లు చిలకరిస్తే శబ్దం మారుతుంది. పెట్రోలు చిలకరించి చూసేవాళ్లూ ఉన్నారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. ఇక టాపెట్లు బిగుసుకుపోయిన బండికి కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా దండగే.

ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. నాపరాయి కోసే యూనిట్ల పక్కన, సిమెంటు లారీలు తిరిగే ఎర్రగుంట్ల దారిలో రోజూ పోయే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క సరిపోదు, అందులో సగానికే ఫిల్టర్ చూసుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసిబారుతుంది. పికప్ కోసం ఫిల్టరే తీసేసి నడిపే కుర్రాళ్లు ఉన్నారు. గాలితోపాటు రాతి పొడి సిలిండర్‌లోకి పోతుంది; ఇక బోరుకు డబ్బు సిద్ధం చేసుకోవచ్చు.

నిజంగా కార్బురేటర్‌దే తప్పయినప్పుడు అది రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి ఓవర్‌ఫ్లో. ఫ్లోటుకు తగిలించి ఉండే చిన్న సూది మొన అరిగినా, దాని మీద ఇసుక రేణువు కూర్చున్నా పెట్రోలు ఆగదు. నేల మీద కారితే అదృష్టం. లోపలికి పోతే ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోలు కంపు కొడితే ఆయిల్ మార్చకుండా బండి కదిలించకండి. అందుకే రాత్రి ఇంటికి రాగానే పెట్రోలు ట్యాపు కట్టేసే అలవాటు ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది.

రెండోది స్లో జెట్టు మూసుకుపోవడం. నెలా రెండు నెలలు కదలకుండా నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఆ జిగురు మొట్టమొదట పట్టేది ఈ రంధ్రాన్నే. ఇక్కడే చెయ్యకూడని పని ఒకటి అన్ని షాపుల్లోనూ చేస్తారు: పిన్నీసో, క్లచ్ వైరు పోగో పెట్టి పొడవడం. కీహిన్ జెట్టు మీద 38 అని ఉంటే దాని అర్థం 0.38 మిల్లీమీటరు రంధ్రం. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టిది. పొడిచినప్పుడు అది 0.40 అయిందనుకోండి, కంటికి ఆ తేడా కనబడదు. కానీ రంధ్రం వైశాల్యం దాదాపు 11 శాతం పెరిగింది. ఇక ఆ బండి మైలేజి జన్మలో రాదు. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడమే దారి. అప్పటికీ వెలుతురు కనబడకపోతే కంపెనీ జెట్టు కొత్తది వేయాలి, దాని ధర ఒక పూట టిఫిన్ ఖర్చుకు అటూ ఇటూ.

డూప్లికేటు కార్బురేటర్‌తో గొడవంతా ఈ కొలతల దగ్గరే. జెట్టు మీద అచ్చు వేసిన అంకెకూ లోపలి రంధ్రానికీ సంబంధం ఉండదు. స్లైడు వదులుగా ఉండి పక్కల నుంచి గాలి పోతుంది. ఇంజిన్‌కు బిగించే ముఖం చదునుగా ఉండదు. ఒక అద్దం ముక్క మీద బోర్లించి వేలితో అదిమితే ఊగుతుంది. కొనేముందు ఈ పరీక్ష చేయనివ్వని షాపులో కొనకండి. ఇలాంటి సరుకు పెట్టి మెకానిక్‌ను ట్యూనింగ్ చేయమంటే పాపం అతనేం చేస్తాడు? స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పడమనే లెక్క లోపలి భాగాలు సరైన కొలతలో ఉన్నప్పుడే పనికొస్తుంది. అందుకే, ఇరవై ఏళ్ల నాటిదైనా సరే, కంపెనీ బాడీని పారేయకండి. స్లైడు బాగా అరిగితే తప్ప దానికి ఫ్లోటు సూది, జెట్లు, ఓ-రింగులు మారిస్తే చాలు. పాతదాన్ని షాపులోనే వదిలేసి డూప్లికేటుతో ఇంటికొచ్చినవాళ్లు మంచి ఇనుము ఇచ్చి తగరం తెచ్చుకున్నారు.

స్క్రూ విషయంలో ఒక గందరగోళం ఉంది. అది ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది మిక్చర్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగినవాళ్లు హోండా జాతి బండ్ల మీద తలకిందులు పని చేసేది ఇందువల్లే. సరిగ్గా కుదిరిందో లేదో చెప్పే యంత్రం మనకు వీధి చివరే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్‌లోని మీటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ శాతం చూపిస్తుంది. 2000 తర్వాత, బీఎస్-4కు ముందు తయారైన బండ్లకు 3.5 శాతం హద్దు. సర్టిఫికెట్‌కు వెళ్లినరోజు మెకానిక్‌ను వెంటబెట్టుకుని, స్క్రూ తిప్పుతుంటే అంకె ఎటు కదులుతోందో చూస్తే చెవితో చేసే ట్యూనింగ్ కన్నా ఎంతో నయం. మనం మాత్రం కాగితం తీసుకుని వచ్చేస్తున్నాం.

ఈమధ్య పాత బండ్లకు కొత్త చిక్కు వచ్చింది, ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అంటే అదే జెట్టు గుండా అంతే ద్రవం దిగినా, స్వచ్ఛమైన పెట్రోలుకు కుదిర్చిన బండికి ఏడెనిమిది శాతం తక్కువ తిండి పెట్టినట్టు. ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సార్ ఇది పసిగట్టి మరికాస్త చిమ్మిస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇంజిన్ వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, పొద్దున్నే స్టార్టు కాదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికే పాత ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజి తగ్గుతుందని ఒప్పుకుంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి సర్దుకోవాల్సింది మనమే. జెట్టు ఒక నంబరు పెంచడం, సూదికి గాళ్లుంటే క్లిప్పు ఒక గాడి కిందికి దించడం, రబ్బరు పైపులూ ఓ-రింగులూ కొత్తవి వేయడం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది గనక నెలల తరబడి నిలబెట్టే బండి గిన్నెలోని పెట్రోలు కింది స్క్రూ తీసి వదిలేయాలి.

సరే, ఇంజెక్షన్ బండి నిశ్చింతా? చాలామటుకు నిశ్చింతే. మే నెల పులివెందుల ఎండలో నిలబెట్టినా, డిసెంబర్ పొద్దున మంచులో తీసినా చోక్ మాట లేకుండా స్టార్టవుతుంది. మైలేజి నికరంగా ఉంటుంది. కానీ ఇది మూడు కోరుతుంది: శుభ్రమైన పెట్రోలు, ట్యాంకులో ఎప్పుడూ కాసింత నిల్వ, బలమైన బ్యాటరీ. మనకు మూడూ కష్టమే. యాభై రూపాయల పెట్రోలు పోయించుకుని రిజర్వులో తిరిగే అలవాటు మనది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. పల్లెల్లో సీసాల్లో అమ్మే పెట్రోలులోని మడ్డి పంపు జాలీని మూసేస్తుంది. సుమారు 3 బార్ ఒత్తిడి నిలవకపోతే ఇంజెక్టర్ సరిగా చిమ్మలేదు. వాటర్ సర్వీస్‌లో గట్టి ధారతో సీటు కింద కొట్టించడం, ఎలుకలు వైరు కొరకడం, బ్యాటరీ ఎర్తు దగ్గర పచ్చటి తుప్పు, ఇవీ అసలు శత్రువులు. సెన్సార్ పోయిందని చెప్పిన బండ్లలో చాలావాటికి కనెక్టర్ ఊడదీసి శుభ్రం చేసి పెడితే సరిపోతుంది.

యజమాని తానే చేసుకోగల పరీక్ష ఒకటుంది. తాళం తిప్పగానే ఇంజిన్ బొమ్మ లైటు వెలిగి కాసేపట్లో ఆరిపోవాలి. అదే సమయంలో ట్యాంకులోంచి రెండు సెకన్లపాటు 'జుయ్' మని పంపు శబ్దం రావాలి. శబ్దం లేకపోతే ముందు కిల్ స్విచ్, ఫ్యూజు, బ్యాటరీ చూడండి. లైటు ఆరకపోతే లోపల తప్పు నమోదైందన్నమాట. హోండా తరహా బండ్లలో ఆ లైటే మెరుపుల్లో సంఖ్య చెబుతుంది: పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. పుస్తకంలో ఆ సంఖ్య ఎదురుగా ఏ సెన్సారో రాసి ఉంటుంది. ఇంత నిక్కచ్చిగా తన రోగం తానే చెప్పే కార్బురేటర్ ఇంతవరకు పుట్టలేదు.

పాత బండికే ఇంజెక్షన్ బిగిస్తే? యూట్యూబ్ చూసి ఉత్సాహపడే కుర్రాళ్లకు ఇది నచ్చదు గానీ, వద్దు. ట్యాంకులో పంపు, థ్రాటిల్ బాడీ, క్రాంక్ సెన్సార్, సైలెన్సర్‌కు ఆక్సిజన్ సెన్సార్, కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో ఆ ఇంజిన్‌కు సరిపడే లెక్కల పట్టిక, అన్నీ కావాలి. పాత బండి మాగ్నెట్ కాయిల్ లైటుకూ హారన్‌కే బొటాబొటిగా సరిపోతుంది. పంపుకు కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది. అంత ఖర్చుతో పాత బండిని ఇంజిన్ బోరుతో సహా కొత్తగా చేయించుకోవచ్చు. ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్ పెట్టించేవాళ్లకూ ఇదే మాట. బీఎస్-6 బండిలో ప్లగ్గుకు నిప్పు ఇచ్చేది కూడా ఆ కంప్యూటరే, దాన్ని తీస్తే సగం బండి తీసినట్టే.

పులివెందుల రైతుల దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. చీని తోటల్లో, అరటి తోటల్లో వాడే టూ స్ట్రోక్ స్ప్రేయర్లకూ, గడ్డి కోసే మిషన్లకూ ఫ్లోటు లేని పొర కార్బురేటర్ ఉంటుంది. సీజన్ అయిపోయాక పెట్రోలు అలాగే ఉంచి గోడకు తగిలిస్తారు. మళ్లీ తీసేసరికి ఆ పొర గట్టిపడి ఉంటుంది. స్టిల్ కంపెనీ ఇంజెక్షన్ రంపం అమ్ముతోంది గానీ అది మన ధరల లోకం కాదు. వీటికి పొరల కిట్టు వేసి చూడటం, కుదరకపోతే చవక కార్బురేటర్ మొత్తంగా మార్చేయడమే సబబు. రోజూ యాభై కిలోమీటర్లు తిరిగే బండికి వద్దన్న సరుకు, ఏడాదికి కొన్ని రోజులు తిరిగే మిషన్‌కు చాలు. దానికన్నా మంచి మందు పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టడం.

కాబట్టి నా తీర్పు ఇది. 2020కి ముందు బండి ఇంజిన్ బాగుంటే అసలు కార్బురేటర్‌ను నిలబెట్టుకోండి, డూప్లికేటు జోలికి పోకండి. ఇంజిన్ పొగ వదులుతుంటే కార్బురేటర్ మీద రూపాయి కూడా పెట్టకండి, ఇంజెక్షన్ బండికి మారండి.

మిగిలింది మెకానిక్కుల సంగతి. కార్బురేటర్‌ను చెవితో పట్టేసే నేర్పు ఉన్నవాళ్లు మన మూడు ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది చేతిలో స్కానర్ లేదు, మల్టీమీటర్ పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. ద్విచక్ర వాహనాల్లో తప్పులను నమోదు చేసే ఓబీడీ వ్యవస్థ నిబంధనలు 2023లో ఒకసారి, 2025లో మరోసారి గట్టిపడ్డాయి, రేపు వాళ్ల ముందుకు వచ్చే బండ్లన్నీ అవే. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది. సెలవుల్లో ఒక వారం తమ ల్యాబు తలుపులు తెరిచి, రోడ్డు పక్క మెకానిక్కులకు వైరింగ్ పటం చదవడం, సెన్సార్ వోల్టేజి కొలవడం నేర్పమని ఆ కళాశాలల పెద్దలను కోరుతున్నాను.